వచ్చే ఏడాది ఇంటి బడ్జెట్ ఎలా సర్దుకోవాలో తెలియట్లేదు, కాస్త చూసి చెప్పండి (శ్రీకాకుళం)

నాగావళి గట్టు:

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం టౌన్. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ జాబ్, చేతికి 34,500 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో మిషన్ కుడుతుంది, బ్లౌజులూ ఫాల్సూ అవీ, దాని మీద నెలకి 5,500 అనుకోండి, పెళ్లిళ్ల టైములో ఇంకా ఎక్కువే వస్తుంది, ఆషాఢంలో మిషన్ మీద గుడ్డ కప్పేయడమే. అంతా కలిపి 40 వేలు. పెద్దమ్మాయి పది చదువుతోంది, చిన్నోడు నాలుగు. అమ్మ మా దగ్గరే, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి.

నెల ఖర్చు రాస్తున్నాను, ఎక్కడ తప్పుందో చెప్పండి. అద్దె 7,500, కిరాణా బియ్యంతో కలిపి 7,500, పాలు 2,100, కూరలూ చేపలూ ఆదివారం కోడీ 4,000, పెట్రోలు 1,200 (డ్యూటీకి కంపెనీ బస్సు ఉంది), బండి ఈఎంఐ 3,100, చీటీ 4,600, నోటు మీద వడ్డీ 2,000, అమ్మ మందులు 2,300, కరెంటు 900, గ్యాసు 900, ఫోన్లూ నెట్టూ 1,300. మొత్తం 37,400. కాగితం మీద 2,600 మిగులుతోంది కానీ రెండేళ్లబట్టీ ఆ 2,600 మొహం నేను చూడలేదు. క్రెడిట్ కార్డులో 18 వేలు అలాగే ఉండిపోయింది, నెలనెలా మినిమం కడుతున్నాను.

ఇప్పుడు వచ్చే ఏడాది సంగతి. జనవరి నుంచి అద్దె 500 పెంచుతానన్నారు ఇంటివాళ్లు. బండి ఈఎంఐ మార్చితో అయిపోతుంది, అదొక్కటే మంచి వార్త. అమ్మాయి జూన్‌లో ఇంటర్, మా బావగారు విశాఖలో ఒక హాస్టల్ కాలేజీ కనుక్కొచ్చారు, ఏడాదికి లక్షా అరవై. ఇంట్లోవాళ్లేమో ఈ వేసవికి ఏసీ కొందాం, జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా అంటున్నారు. నాకు బుర్ర పని చెయ్యట్లేదు. మాకు రైస్ కార్డు లేదు కాబట్టి దీపం సిలిండర్లు, తల్లికి వందనం లాంటి గవర్నమెంటు పథకాలు మాకు రావు, అవి చెప్పకండి. ఏది ఆపాలి ఏది ఉంచాలి?

గంటస్తంభం గుమస్తా:

తమ్ముడూ, నాది విజయనగరం, 22 ఏళ్లబట్టీ రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. నువ్వు రాసినదాంట్లో తప్పేం లేదు, రాయనిదాంట్లో ఉంది. పిల్లల స్కూలు ఫీజు ఏదీ? పెద్ద పండగ ఖర్చు ఏదీ? ఇన్సూరెన్సు ఏదీ? చుట్టాల పెళ్లిళ్లకి చదివింపులు ఏవీ? ఏడాదికోసారి వచ్చేవి అన్నీ రాసి పెట్టు, తర్వాత మాట్లాడదాం. ఆ నోటు ఎంతకి, ఎప్పుడు రాశావో కూడా.

నాగావళి గట్టు:

అవును గురువుగారూ, అవి నెలవి కావు కదా అని రాయలేదు. ఫీజులు చిన్నోడికి 26 వేలు, పాపకి 32 వేలు. పాలసీ ఒకటి ఏడాదికి 18 వేలు. సంక్రాంతికి బట్టలూ పిండివంటలూ చెల్లీ బావగారూ వస్తారు కాబట్టి అన్నీ కలిపి 20 వేలు తక్కువ కాదు. చదివింపులు, ఊళ్లో పండగలు ఏడాది మొత్తం మీద 14 వేలు ఉంటాయేమో. నోటు లక్షకి, నూటికి రెండు, 2024 జూన్‌లో రాశాను, చెల్లి సీమంతానికి సారె, పిల్లల ఫీజులు రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ఈ నెలతో 36 వేలు వడ్డీయే కట్టాను, లక్ష లక్షలాగే ఉంది. బోనస్ 28 వేలు దీపావళికి వచ్చింది, వచ్చినట్టే పోయింది.

గంటస్తంభం గుమస్తా:

ఇదిగో దొరికింది. 26, 32, 18, 20, 14 కలిపితే లక్షా పది వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకి 9,167. నీ దగ్గర మిగిలేది 2,600. అంటే నువ్వు ప్రతి నెలా 6,567 లోటులో ఉన్నావు, ఏడాదికి 78,800 చిల్లర. బోనస్ 28 వేలు అందులోంచి తీసేసినా ఇంకా 50 వేల పైమాటే. ఆ 50 వేలే నీ క్రెడిట్ కార్డు, నీ నోటు, రేపు జూన్‌లో రాయబోయే ఇంకో నోటు. ఖర్చులు ఎక్కువై కాదు నువ్వు ములిగింది. జూన్ నెలా పుష్య మాసమూ ప్రతి ఏడాదీ వస్తాయని తెలిసి కూడా వాటికి ఏమీ పక్కన పెట్టకపోవడం వల్ల.

ఇక అప్పు. నూటికి రెండంటే మనకి చిన్న మాటలాగే ఉంటుంది కానీ ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు అంతకన్నా ఘోరం, నెలకి మూడు రూపాయల పైనే పడుతుంది, మినిమం కడుతూ పోతే అసలు కదలదు. అదే బ్యాంకులో బంగారం పెడితే 9, 10 శాతం దగ్గర, అంటే ముప్పావలా, ఎనభై పైసల వడ్డీ. తులం లక్ష దాటిపోయిన రోజులివి, రెండు తులాలు పెట్టినా నీ నోటు తీరిపోతుంది, నెలకి 2 వేల చోట 800 కడతావు. ఇంట్లో ఒప్పుకోరంటావా, అయితే చీటీ పాడు, అంటే కొంత తగ్గించుకుని పాటలో ముందే తీసేసుకో. ఎన్ని నెలలది, ఎన్ని అయ్యాయి?

నాగావళి గట్టు:

బంగారం మాట ఎత్తితే మూడు రోజులు అన్నం ఉండదు గురువుగారూ 😀 చీటీ లక్షది, 20 మంది, 20 నెలలు. మార్చిలో మొదలైంది, డిసెంబరుతో 10 అయ్యాయి. మా వీధిలో ఒకావిడ వేస్తారు. చివరిదాకా ఉంచుకుని పాప చదువుకి తీద్దామని ఉంచాం.

చీపురుపల్లి ప్యాసింజర్:

బ్రో చీటీ మాత్రం ముట్టుకోకు. నా మాట విను, మనలాంటోళ్లకి చీటీ ఒక్కటే సేవింగ్, మిగతాదంతా చేతిలో ఉంటే కరిగిపోద్ది. నేను కూడా పోయినేడు మధ్యలో పాడి బండి మార్చాను, ఆ తర్వాత నెలనెలా కట్టడమే తప్ప చేతికి ఏం రాదు కదా, ఏడుపొచ్చేది ఒకటో తారీఖు అంటే. పాప చదువు డబ్బు పాప చదువుకే ఉంచు. ఆ ఏసీ సంగతి మర్చిపో, మా ఇంట్లో పెట్టాక కరెంటు బిల్లు చూసి మా నాన్న మళ్లీ మేడ మీద పడుకోవడం మొదలెట్టాడు.

గంటస్తంభం గుమస్తా:

బండి కోసం పాడితే ఏడుపే వస్తుంది బాబూ. అప్పు తీర్చడానికి పాడటం వేరు. లెక్క చూడండి. ఇతను చివరి నెలదాకా ఆగితే లక్షలో వేసేవాళ్ల కమిషన్ 5 వేలు పోను 95 వేలు వస్తుంది. జనవరి పాటలో అడిగితే ఏ 87 వేలకో రావొచ్చు. నష్టం 8 వేలు. కానీ ఆ 87 వేలు తొమ్మిది నెలలు ముందు చేతికొచ్చి అప్పులోకి వెళితే రెండు రూపాయల చొప్పున నెలకి 1,740, తొమ్మిది నెలలకి 15,660 వడ్డీ తప్పుతుంది. కట్టే వాయిదా పాడినా పాడకపోయినా ఒకటే. అంటే 8 వేలు వదులుకుని 15 వేలు కాపాడుకోవడం. ఒక పక్క 24 శాతానికి అప్పు మోస్తూ ఇంకో పక్క చీటీలో దాచుకోవడమంటే కన్నం ఉన్న బిందెలో నీళ్లు పోసినట్టే.

పైగా వీధిలో వేసే చీటీ అంటున్నావు. 1982 చీటీల చట్టం ప్రకారం రిజిస్టర్ చేసి వెయ్యాలి, వీధి చీటీలకి అవేం ఉండవు, ఆవిడ ఎంత మంచిదైనా సరే కాగితం కాగితమే.

డబ్బు రాగానే ముందు కార్డు పూర్తిగా మూసెయ్, మిగిలింది నోటుకి జమ చెయ్. జమ చేసినప్పుడు నోటు వెనకాల ఎంత ముట్టిందో చెల్లు రాయించి సంతకం పెట్టించుకో, ఫోటో తీసుకో. నోటి మాట మీద ఇచ్చి రావద్దు. మూడేళ్లకి నోటు కాలం తీరిపోతుందని 2027 జూన్ లోపు కొత్త నోటు రాయమంటారు, అప్పుడు ఆ చెల్లులే నీకు ఆధారం.

ఏసీ గురించి ఒక్క మాట. కొనేటప్పుడు జీఎస్టీ తగ్గింది నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి. మరి నడిపేటప్పుడు? మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ శ్లాబుల్లో 225 యూనిట్లు దాటితే యూనిట్టు 8 రూపాయల 75 పైసలు. వేసవిలో 200 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 867 అవుతుంది, ఏసీ వల్ల 350కి వెళితే 2,110. మిగతా చార్జీలు దీనికి అదనం. ముందు కొన్నది కాదు, నెలనెలా తినేది చూసుకోవాలి.

(బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకని మిల్లుకి వచ్చినవాళ్లందరూ నన్ను అడుగుతారు, పనిలో పని చెప్పేస్తున్నాను. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు, 26 అయితే పడదు. అంతే.)

రాజాం టీచరమ్మ:

చదువు దగ్గర ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, గవర్నమెంటు కాలేజీ, కాబట్టి నాది కొంచెం పక్షపాతం అనుకున్నా పర్వాలేదు.

లక్షా అరవై అంటే నెలకి 13,333. మీ ఇంటి ఆదాయంలో సరిగ్గా మూడో వంతు, అదీ రెండేళ్లు. గుమస్తా గారు తేల్చిన లోటు మీద ఇది ఎక్కితే ఏ చీటీ పాడినా తేలరు. అసలు పాప ఏం చదువుతానంటోంది? మీ పోస్టులో బావగారి అభిప్రాయం ఉంది, పాప అభిప్రాయం ఎక్కడా లేదు. ముందు అది కనుక్కోండి.

తర్వాత దారులు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల కోర్సు. గవర్నమెంటు స్కూలు పిల్లలకి 4 శాతం కలుపుతారు, మీ పాపది ప్రైవేటు కాబట్టి అది రాదు, మార్కులు బాగా ఎక్కువ ఉండాలి, అయినా అప్లికేషన్ పెట్టడానికి ఏం పోయింది. రెండోది పాలిసెట్, మూడేళ్ల డిప్లొమా, శ్రీకాకుళంలోనే ఆడపిల్లలకి వేరే పాలిటెక్నిక్ ఉంది, తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోవచ్చు. మా దగ్గర అలా వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. మూడోది ఏపీఆర్‌జేసీ, అంటే గవర్నమెంటు గురుకుల జూనియర్ కాలేజీలు, పరీక్ష రాయాలి. ఇవేవీ కాకపోతే ఊళ్లోనే గవర్నమెంటు జూనియర్ కాలేజీ, పుస్తకాలు ఫ్రీగా ఇస్తున్నారు, 2025 జనవరి నుంచి మధ్యాహ్నం భోజనం కూడా ఉంది. ఎంట్రన్స్ కోచింగ్ కావాలంటే విడిగా ఒక 20 వేలు పెట్టుకోండి, లక్షా అరవైలో అది ఎంత.

మా కాలేజీలో లోపాలు లేవని అనట్లేదు. లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే సగం ఏడాది ఆ సబ్జెక్టు కుంటుతుంది, అది దాచకూడదు. చేర్చేముందు ఒకరోజు వెళ్లి ఏ సబ్జెక్టుకి ఎవరున్నారో అడగండి. హాస్టల్ కాలేజీకి వెళ్లినప్పుడు అడిగే ప్రశ్నలే ఇక్కడా అడగాలి కదా.

ఇంకోటి, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, దీనికి రైస్ కార్డుతో సంబంధం లేదు, ఒరిజినల్ ఆధార్ చూపిస్తే చాలు. మేడమ్ గారు కన్నవారింటికి వెళ్లినా బట్టలకి విశాఖ వెళ్లినా ఆ చార్జీలు మీ లెక్కలోంచి తీసేయొచ్చు.

పలాస పెద్దమ్మ:

నాయినా నాకు ఈ శాతాలూ శ్లాబులూ అంత తెల్దు, మా మనవడు టైపు కొట్టి పెడతన్నాడు. నీ లెక్కలో నాకు కళ్లకి కొట్టింది రెండే. ఒకటి మీ అమ్మ మందులు. రెండు వేల మూడొందలేటి? నాకూ అవే రెండు జబ్బులు ఉన్నాయి, పదేళ్లయ్యింది. డాక్టరు బాబుని ఆ మాత్తర్లో ఉన్న మందు పేరు రాసీమని అడిగి జనఔషధి కొట్టుకి అట్టుకెల్లు, ఇంచుమించు మూడో వంతుకి వచ్చీసింది నాకు. ఆస్పత్రిలో కూడా బీపీకీ సుగరుకీ నెలనెలా ఊరకనే ఇస్తారు, కాకపోతే ఒక్కోసారి ఒకటుంటాది ఒకటుండదు. డాక్టర్ని అడక్కుండా మాత్రం మార్చీకు, అది చెప్తున్నాను.

రెండోది కిరాణా. నువ్వు నెలనెలా కొట్లో తెచ్చుకుంటన్నావు కదూ. ఏడాది సరుకు ఎప్పుడు దొరికితే అప్పుడు కొనీసుకోవాల. చింతపండు మార్చిలో కొత్తది దిగుతాది, సీతంపేట ఏపు సంతల్లో, ఏడాదికి సరిపడా కొనీసి గింజ తీసీసి ఉప్పు కలిపి జాడీలో దాచీ. ఎండు మిరపకాయలూ ఆ రోజుల్లోనే. బియ్యం పుష్యంలో, ధాన్యం ఇళ్లకొచ్చినప్పుడు, తెలిసిన రైతు దగ్గర ఆడించుకున్నావంటే బస్తాకి రెండు మూడొందలు తేడా ఉంటాది, పాత బియ్యం కాదు కాబట్టి అన్నం కాస్త ముద్దవుద్ది, రెండు మూడు నెలలాగి వండుకో. దానికి ఒక్కసారే డబ్బు కావాల, అదే కష్టం, అందుకే నువ్వు నెలసరుకులో పడిపోయావు.

ఆ చీటీ మాట ఆ ఇజీనారం బాబు చెప్పిందే సరైంది. మా వీధిలో ఇలాగే ఒకాయన ఇరవై ఏళ్లు చీటీలు ఏసినాడు, మంచోడే, ఒకరోజు పొద్దున్నే తాళం ఏసుంది ఇంటికి. నా అరవై వేలు అందులో ఉన్నాయి. పాడగలిగినప్పుడు పాడీసుకో.

చీపురుపల్లి ప్యాసింజర్:

పెద్దమ్మా అరవై వేలా! సరే గుమస్తా గారి లెక్క రెండుసార్లు వేసి చూశాను, కరెక్టే, నేను వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోను, అప్పు తీరాక మళ్లీ ఏదో ఒక కట్టుడు పెట్టుకోవాలి బ్రో, లేకపోతే ఆ మిగిలిన డబ్బు బిర్యానీలకి పోద్ది.

గంటస్తంభం గుమస్తా:

అది నిజమే. కాకపోతే చీటీ కాకుండా పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీయో, జీతం పడే బ్యాంకు కాకుండా వేరే బ్యాంకులో ఒక ఖాతావో, ఫోన్‌లో యాప్ లేకుండా. ఏప్రిల్ నుంచి బండి ఈఎంఐ 3,100 పోతుంది కదా, అది ఇంట్లో కలిసిపోకముందే ఒకటో తారీఖునే అటు పంపించెయ్. పంపిన డబ్బు జూన్ ఫీజుకీ పండక్కీ పాలసీకీ తప్ప ఇంక దేనికీ కాదు.

నాగావళి గట్టు (నెల తర్వాత):

ముక్కనుమ కూడా అయిపోయింది, ఇప్పుడు తీరిక దొరికింది, ఏం చేశానో చెప్తాను. చీటీ 86,500కి వచ్చింది. ఇంకొకాయన కూడా పోటీ పడ్డాడు లేకపోతే ఇంకో వెయ్యి మిగిలేది. కార్డు 18 వేలు కట్టేశాను, మిగతా 68,500 నోటుకి జమ చేశాను. చెల్లు రాయమంటే ఆయన మొహం అదోలా పెట్టాడు, ఇన్నాళ్ల పరిచయం ఏటి ఇది అన్నాడు, నేను నవ్వుతూనే పెన్ను ఇచ్చాను, రాశాడు. ఇంకా 31,500 ఉంది, వడ్డీ 2,000 కాస్తా 630 అయింది. దీపావళి బోనస్‌కి ఇంకాస్త కలిపి అది ముగించేస్తాను.

పండక్కి 20 అనుకున్నది 13,500లో అయింది. బట్టలు మా ఆవిడే కుట్టింది, చెల్లికి చీర మాత్రం తగ్గించలేకపోయాం, అది తగ్గిస్తే బాగోదు. అమ్మ మందులు డాక్టరు గారితో రాయించుకుని జనఔషధిలో తీసుకుంటే 950 అయ్యాయి, ఒక మాత్ర మాత్రం అక్కడ దొరకలేదు, అది మామూలు షాపులోనే. ఏసీ వాయిదా. చిన్నోడు అలిగాడు, కూలర్‌కి గడ్డి మార్పిస్తానన్నాను.

టీచరమ్మ గారూ, పాపని అడిగాను. మీరు అడగమనేదాకా నిజంగా అడగలేదు, సిగ్గుగా ఉంది చెప్పాలంటే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేస్తానంది, తన ఫ్రెండు అక్క చేసిందంట. పాలిసెట్ రాయిస్తాం, ట్రిపుల్ ఐటీకి కూడా పెడతాం, రెండూ కాకపోతే ఊళ్లో కాలేజీ. బావగారు మొన్న భోగి నాడు ఆడపిల్ల భవిష్యత్తు పాడు చేస్తున్నావు అన్నారు, అందరి ముందూ. నేను ఏం అనలేదు, మా అమ్మే, మరి నువ్వు కడతావేటి బాబూ లక్షా అరవై అనేసింది. అక్కడితో ఆ టాపిక్ ఆగిపోయింది.

కొత్త లెక్క ఏప్రిల్ నుంచి ఇలా అనుకుంటున్నాం: ఈఎంఐ 3,100, వడ్డీలో మిగిలింది 1,370, మందుల్లో మిగిలింది 1,350, మొత్తం 5,820. అద్దె పెరిగిన 500 పోను 5,300 వేరే ఖాతాకి. అక్టోబరుతో చీటీ అయిపోతే ఆ 4,600 కూడా అటే. ఈ జూన్‌కి మాత్రం ఇంకా ఇబ్బందే, చిన్నోడి ఫీజు మూడు వాయిదాల్లో కడతానని స్కూల్లో అడిగాను, రాసిమ్మన్నారు. పెద్దమ్మగారూ, చింతపండు ఈ ఏడు మాకు ఒక 10 కిలోలు కావాలి, మార్చి మొదట్లో రావాలా చివర్లో రావాలా?

పలాస పెద్దమ్మ:

ఐదుగురికి పది కిలోలేటి నాయినా, ఐదు చాలు. ఉగాదికి ముందు రా, తర్వాతైతే ఏరిందంతా ఎవరో అట్టుకుపోతారు. సంచీ నువ్వే తెచ్చుకో.